చూసే ఉంటాడా, చూసేవాడా?

మందమర్రి,
మంచిర్యాల జిల్లా.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (హైదరాబాద్) ఇంగ్లిష్ వాచకాల రూపకర్తలకు, సంపాదకులకు –



రెండు తెలుగు వాక్యాలు మీ ముందు పెట్టి ఈ లేఖ మొదలుపెడుతున్నాను. ఒకటి: ‘ఆయన అప్పుడు అక్కడ ఉంటే చూసే ఉంటాడు.’ రెండు: ‘ఆయన అప్పుడు అక్కడ ఉంటే చూసేవాడు.’ మందమర్రి కార్మికవాడలో క్వార్టర్ల ముందు ఆడుకునే ఏ పిల్లవాణ్ణి అడిగినా ఈ రెంటికీ తేడా తడుముకోకుండా చెబుతాడు. మొదటి వాక్యంలో ఆయన అక్కడ ఉన్నాడో లేడో మనకు తెలియదు. రెండో వాక్యంలో ఆయన లేడు, అందుకే చూడలేదు. ‘ఉంటే’ రెండింటిలోనూ ఒకటే, తేడా అంతా చివరి క్రియలో ఉంది. అదే పిల్లవాడు బడికి వచ్చి, అదే తేడాను ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే నీళ్లు నములుతాడు. ‘ఇఫ్’ తరవాత ‘వాజ్’ రావాలా ‘హ్యాడ్ బీన్’ రావాలా, కామా దాటాక ‘మస్ట్ హావ్’ పెట్టాలా ‘వుడ్ హావ్’ పెట్టాలా అని కంఠస్థం చేసిన పట్టికను గుర్తు తెచ్చుకునే పనిలో పడతాడు. నిన్న సాయంత్రం తాను వీధిలో మాట్లాడిన వాక్యమే ఇదని, తనకు తెలిసిన సంగతినే మరో భాషలో అడుగుతున్నారని వాడికి చెప్పినవాళ్లు లేరు. ఆ మాట చెప్పాల్సిన పుస్తకం మీ చేతుల్లో తయారవుతుంది కాబట్టే ఈ లేఖ మీకు.

2022–23 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆ తరవాత అది పై తరగతులకూ పాకింది. తెలుగులో చదువుకుంటూ వచ్చిన పిల్లలు తడబడకుండా ఉండాలని మీరు లెక్కలకు, సైన్సుకు, సాంఘికానికి రెండు భాషల పుస్తకాలు అచ్చువేశారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు. అది ఆలోచనతో చేసిన పని. భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ అర్థం కావడానికి ఇంటి భాష అండ కావాలని మీరు ఒప్పుకున్నారు. మరి ఆ అండ అన్నిటికంటే ఎక్కువ అవసరమైన చోట, ఇంగ్లిష్ అనే భాషనే నేర్పే పుస్తకంలో, ఎదుటి పేజీ ఎందుకు లేకుండా పోయింది? ఇంగ్లిష్ గంటలో తెలుగు వినపడకూడదన్నది మీరు రాసిచ్చిన ఉత్తర్వు కాకపోవచ్చు. కానీ పుస్తకం మౌనంగా ఉంటే ఆ మౌనమే తరగతి గదిలో ఉత్తర్వు అవుతుంది. తెలుగులో ఒక్క మాట చెప్తే విషయం తేలిపోతుందని తెలిసిన టీచర్ కూడా, ఎవరైనా తప్పు పడతారేమోనని నోరు కట్టేసుకుంటారు. నేను ఒప్పుకోలేకపోతున్నది ఈ వైఖరినే.

మిగతా వ్యాకరణమంతా వదిలేసి షరతు వాక్యాలనే ఎందుకు పట్టుకున్నానంటే, వాటిలో కాలం తప్పితే మాట అందం పోవడం కాదు, జరిగింది జరగనిదవుతుంది. ఇది బొగ్గు గనుల ఊరు. గనిలో షరతు వాక్యం మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది నిబంధన. భూగర్భ గనిలో ఒక చోట గాలిలో మండే గ్యాస్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం వర్తమానంలో నడుస్తుంది, ‘ఎక్సీడ్స్’ అంటుంది. రెండోది శిక్షణ. ‘ఇప్పుడు నువ్వున్న చోట గ్యాస్ ఆ హద్దు దాటిందనుకో, ఏం చేస్తావు?’ అని అడిగే ప్రశ్న. అక్కడ క్రియ ‘ఎక్సీడెడ్’ అవుతుంది, జవాబు ‘వుడ్’తో వస్తుంది. గ్యాస్ దాటలేదు, ఊహిస్తున్నాం, అంతే. మూడోది విచారణ నివేదిక. ‘హద్దు దాటగానే కరెంటు తీసి ఉంటే ప్రమాదం జరిగేది కాదు’ అన్న వాక్యం. ఇంగ్లిష్‌లో అక్కడ ‘హ్యాడ్ బీన్’, ‘వుడ్ నాట్ హావ్’ వస్తాయి. ఆ వాక్యం కరెంటు తీయలేదని ఎక్కడా విడిగా చెప్పదు. కాలంతోనే చెప్పేస్తుంది. క్రియ మారితే చాలు, నిబంధన ఊహ అవుతుంది, ఊహ నేరారోపణ అవుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అటువంటి దుర్ఘటన తరవాత రాసే కాగితాల్లో ఎవరు అక్కడ ఉన్నారు, ఎవరు ఉండి ఉంటే చూసేవారు, ఏం చేసి ఉంటే మనిషి బతికేవాడు అన్న వాక్యాలే ఉంటాయి. గనుల చట్టం, 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు ఇంగ్లిష్‌లో రాసినవి. రేపు ఆ కాగితం చేతికొచ్చినప్పుడు, తన తండ్రి తప్పు చేశాడని అది అంటోందో, చేసి ఉంటే అని మాత్రమే అంటోందో తేల్చుకోలేని బిడ్డకు పదో తరగతి ఇంగ్లిష్‌లో వచ్చిన మార్కులు ఏం ఆదుకుంటాయి?

మాటలు వినికిడితో వస్తాయి. సర్దార్, ఓవర్‌మన్, షాట్‌ఫైరర్, హాలేజ్, బంకర్, షిఫ్టు – ఈ మాటలన్నీ ఏ పుస్తకమూ లేకుండానే ఇక్కడి ఇళ్లల్లోకి వచ్చి కూర్చున్నాయి. బడి మెట్లెక్కని వాళ్లు కూడా వాటిని పొల్లుపోకుండా వాడతారు. వాక్యం కట్టు అలా రాదు. దాన్ని ఎవరో విప్పి చూపించాలి. విప్పి చూపడానికి మన చేతిలో ఉన్న సాధనం పిల్లల సొంత వాక్యమే.

ఆ వాక్యాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. తెలుగులో ‘చేస్తే’ అనే రూపానికి కాలం లేదు. ‘వస్తే చెప్తాను’ అంటే ఇక ముందు మాట. ‘వస్తే చెప్పేవాణ్ణి’ అంటే రాలేదు, చెప్పలేదు. ‘వస్తే చెప్పాను’ అంటే వచ్చాడు, చెప్పాను కూడా. మూడు చోట్లా ‘వస్తే’ చెక్కుచెదరలేదు. ఇంగ్లిష్ అలా కాదు. అది ‘ఇఫ్’ వైపు క్రియనూ మారుస్తుంది, అవతలి క్రియనూ మారుస్తుంది. మనం ఒక చోట మోసే బరువును అది రెండు చోట్ల మోస్తుంది. పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఈ మలుపు దగ్గరే. మూడో వాక్యం మరీ ప్రమాదకరం. ‘మీరు పిలిస్తే వచ్చాను’ అనే మర్యాదైన తెలుగు మాటను పిల్లవాడు ‘ఇఫ్ యు కాల్డ్, ఐ కేమ్’ అంటాడు. తెలుగులో అది షరతే కాదు, పిలిచారు కాబట్టి వచ్చాననడం. అక్కడ ఇంగ్లిష్‌కు ‘బికాజ్’ కావాలి, ‘వెన్’ కావాలి, ‘ఇఫ్’ పనికిరాదు. నాలుగు రకాల షరతు వాక్యాల పట్టికలో ఈ హెచ్చరిక ఏ గడిలో పడుతుంది? ఏ గడిలోనూ పడదు. ఎందుకంటే ఆ పట్టిక మన పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. ‘పిలిస్తే వచ్చాను’ అనే భాష ఒకటి ఉందని దానికి తెలియదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ‘చెప్పేవాణ్ణి’, ‘వచ్చేవాడు’ అనే రూపానికి తెలుగులో రెండు పనులున్నాయి. ‘చిన్నప్పుడు రోజూ మా ఇంటికి వచ్చేవాడు’ అంటే గడిచిపోయిన అలవాటు. ‘పిలిస్తే వచ్చేవాడు’ అంటే జరగని పని. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. పాత అలవాటు చెప్పడానికీ అదే, జరగని పని చెప్పడానికీ అదే. మన తెలంగాణ పలుకులోనూ అంతే. ‘అప్పుడు రోజూ వస్తుంటి’, ‘నువ్వు చెప్తే వస్తుంటి’ అని ఇక్కడి వాళ్లు అలవాటుకూ జరగని దానికీ ఒకే రూపం వాడతారు. తరగతిలో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే వాళ్లకూ ఇది కొత్త కాదు. ‘వో ఆతా తో మై కహతా’ అన్నప్పుడు అలవాటు చెప్పే రూపమే జరగని పనికి వచ్చి కూర్చుంది. ఇంత దగ్గరి పోలిక చేతికి అందుతుంటే, ‘వుడ్’ను అర్థం లేని సహాయక క్రియగా, సెకండ్ కండిషనల్ గడిలో కూర్చునే అక్షరాలుగా నేర్పడం ఏం న్యాయం? ‘వుడ్ అంటే నువ్వు రోజూ అనే వస్తుంటి’ అని ఒక్క టీచర్ ఒక్కసారి చెప్తే చాలు, ఆ పిల్లలు దాన్ని బతికున్నంత కాలం మరచిపోరు.

జరగని సంగతికి భూతకాలం ఎందుకు వాడాలన్నది పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టే ప్రశ్న. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అన్నప్పుడు మాట ఇప్పటిది, క్రియ నిన్నటిది. ఇదేం అన్యాయమని పిల్లవాడు అనుకోవడం సహజం. కానీ తెలుగులో భూతకాలం ఎప్పుడూ గడిచిన కాలాన్నే చెబుతుందా? ఫోన్లో ‘ఇగో, వచ్చిన వచ్చిన’ అంటున్న మనిషి ఇంకా ఇంటి గడప దాటలేదు. ఎదురుగా కూర్చున్న కొత్త మనిషిని ‘మీ పేరేమన్నారు?’ అని అడిగితే, ఆయన అంతకుముందు పేరు చెప్పి ఉండాలని లేదు, మాటకు మెత్తదనం కోసం అలా అంటాం. క్రియ రూపం వేరు, అది చెప్పే కాలం వేరు అని మన పిల్లలకు నోటితో తెలుసు. ఆ తెలివిని పైకి తీసి చూపిస్తే ‘ఇఫ్ ఐ హ్యాడ్’ వింతగా ఉండదు. అది దూరం చెప్పే రూపం, నిజానికీ ఊహకూ మధ్య ఉండే దూరం, అని ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాయడం తెలుగు పిల్లల తప్పుగా, మాతృభాష ప్రభావంగా చెబుతుంటారు. తెలుగులో ‘రేపు వాన పడితే ఓపెన్‌కాస్ట్ గనిలో పని ఆగుతుంది’ అంటాం. ‘పడితే’లో భవిష్యత్తు ఎక్కడుంది? ‘రేపు’ అన్న మాటలో ఉంది, ‘ఆగుతుంది’లో ఉంది. షరతు వైపు భవిష్యత్ రూపం పెట్టకపోవడంలో తెలుగూ ఇంగ్లిషూ ఒక్కటే. మరి ఆ ‘విల్’ ఎక్కడినుంచి వచ్చింది? రేపు అంటే ‘విల్’, నిన్న అంటే ‘డిడ్’ అని చిన్న తరగతుల్లో మనం నూరిపోసిన సూత్రం నుంచి వచ్చింది. తెలుగును బయటికి పంపించి, ఆ తరవాత తప్పును తెలుగు మీదికి నెట్టాం. తెలుగును లోపలికి రానిస్తే ఆ తప్పు పుట్టేదే కాదు.

మీ దగ్గర ఇంకో పుస్తకం కూడా తయారవుతుంది, తెలుగు వాచకం. అందులో ‘చేస్తే’ లాంటి రూపాలకు చేదర్థకం అని, ‘చేసినా’ లాంటి రూపాలకు అప్యర్థకం అని పేర్లు పెట్టి నేర్పుతున్నారు. పరవస్తు చిన్నయసూరి కాలం నుంచి వస్తున్న పేర్లవి. అదే పిల్లవాడు తెలుగు గంటలో చేదర్థకం నేర్చుకుంటాడు, ఇంగ్లిష్ గంటలో కండిషనల్ నేర్చుకుంటాడు. రెండూ ఒకటేనని ఆ పుస్తకమూ చెప్పదు, ఈ పుస్తకమూ చెప్పదు. ‘ఈవెన్ ఇఫ్’ అంటే అప్యర్థకమేనని తెలిస్తే, ‘వాన పడినా పని ఆగదు’ అన్న వాక్యం ఇంగ్లిష్‌లో ఎంత తేలిగ్గా కుదురుతుందో ఆలోచించండి. ఒకే సంస్థలో, ఒకే తరగతి కోసం తయారయ్యే రెండు పుస్తకాల రచయితలు ఒక్క మధ్యాహ్నం కలిసి కూర్చోలేరా?

నాకు వచ్చే జవాబులు తెలుసు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చే అలవాటు పడితే పిల్లలు ఎన్నటికీ ధారాళంగా మాట్లాడలేరన్నది వాటిలో బలమైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ప్రతి వాక్యాన్నీ అనువదించి చెప్పే టీచర్ పిల్లల చెవికి ఇంగ్లిష్ అందకుండా చేస్తారు, అది నిజం. నేను అడుగుతున్నది అనువాదం కాదు, పోలిక. అనువాదం రెండు భాషలూ ఒకటేనన్న భ్రమ కలిగిస్తుంది. అవి ఎక్కడ విడిపోతాయో చూపించి ఆ భ్రమను పోగొట్టేది పోలికే. ‘పిలిస్తే వచ్చాను’ను ‘ఇఫ్’తో చెప్పకూడదని తెలియాలంటే, ముందు తెలుగు వాక్యం బల్ల మీద కనపడాలి కదా. తెలుగును తరగతి బయట ఆపితే అది పిల్లవాడి తలలోంచి పోదు. ఎవరూ సరిదిద్దని చోట దాక్కుని తన పని తాను చేసుకుపోతుంది. తెల్లదొరలు మన భాష నేర్చుకున్న తీరు చూడండి. 1873లో ఆర్డెన్ రాసిన తెలుగు వ్యాకరణం ఇంగ్లిష్ చదువరులకు ఇంగ్లిష్‌లోనే తెలుగును విప్పి చెప్పింది. అంతకుముందు బ్రౌన్ చేసిందీ అదే. తమ భాష ఆసరాతో మన భాష నేర్చుకోవడం వాళ్లకు సబబయితే, మన భాష ఆసరాతో వాళ్ల భాష నేర్చుకోవడం మన పిల్లలకు ఎందుకు తప్పయింది? 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంటి భాషలను వనరులుగా చూడమంది. 2020 జాతీయ విద్యా విధానం రెండు భాషల బోధనను ప్రోత్సహించమంది. కాబట్టి నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

ఇంగ్లిష్ వాళ్లే ‘ఇఫ్ ఐ వాజ్’ అంటున్నారు, అర్థమైతే చాలదా అంటారు కొందరు. ‘వాజ్’కూ ‘వర్’కూ మధ్య తగాదాను వదిలేయమని నేనూ అంటాను. దానికి మార్కు కోయడం పిల్లల మీద అన్యాయం. ఆ తేడా పోతే అర్థం పోదు. ‘మస్ట్ హావ్ సీన్’కూ ‘వుడ్ హావ్ సీన్’కూ తేడా పోతే మాత్రం సాక్షి ఉన్నవాడో లేనివాడో తెలియకుండా పోతుంది. ఏ తేడా మోయదగినదో, ఏది కాదో టీచర్‌కు చెప్పే పని కూడా పుస్తకానిదే.

ఇక్కడి తరగతుల్లో అందరూ తెలుగు పిల్లలే కారు కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, బొగ్గు పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాల ఊళ్లివి. ఇళ్లల్లో ఉర్దూ ఉంది, హిందీ ఉంది, చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే పిల్లల నోట గోండి ఉంది. తెలుగు వాక్యం ఒక్కటి బోర్డు మీద రాసి ‘మీ ఇంట్లో దీన్నెలా అంటారు?’ అని అడగడానికి అడ్డేమిటి? అడిగిన మరుక్షణం ఆ పిల్లలు కూడా పాఠంలోకి వస్తారు. సమయం చాలదన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. పట్టికను ఏటా మళ్లీ మళ్లీ నేర్పడానికి పట్టే గంటలు లెక్కేస్తే సరిపోతుంది.

పరీక్ష గురించి చెప్పకపోతే ఇదంతా గాల్లో మాటవుతుంది, ఎందుకంటే పుస్తకం ఏం చెప్పినా పిల్లలు నేర్చుకునేది పరీక్ష అడిగేదే. బ్రాకెట్‌లో క్రియ ఇచ్చి ఖాళీ పూరించమనే ప్రశ్న పట్టికను పరీక్షిస్తుంది, అర్థాన్ని కాదు. అసలు ఆ పట్టిక పూర్తిగా నిజమూ కాదు. ‘అప్పుడు మైనింగ్ డిప్లొమా చేసి ఉంటే ఈపాటికి ఓవర్‌మన్ అయి ఉండేవాడు’ అన్న మాట ప్రతి ఇంట్లో ఏదో ఒక రూపంలో వినపడేదే. ఇంగ్లిష్‌లో అందులో ఒక సగం థర్డ్ కండిషనల్ గడిలోదీ, ఇంకో సగం సెకండ్ కండిషనల్ గడిలోదీ. తెలుగులో సహజంగా అనగలిగిన ఈ వాక్యాన్ని పట్టిక నమ్మిన పిల్లవాడు ఇంగ్లిష్‌లో తప్పనుకుని కొట్టేస్తాడు. అలాగే ‘ఇఫ్ హి వాజ్ దేర్’ అన్నది కనపడగానే భూతకాలం కాబట్టి ఊహేనని నిర్ధారించుకుంటాడు. నిజానికి అది ‘ఉంటే చూసే ఉంటాడు’ అన్న వాక్యం, అతను అక్కడ ఉండే అవకాశాన్ని అది తలుపు తెరిచే ఉంచింది. పట్టిక ఇచ్చి ఆ తలుపు మూయించింది ఎవరు?

ఇది తెలుగు మీడియంకు తిరిగి పోదామనే వాదన కాదు. ఈ బొగ్గు బెల్టులో తల్లిదండ్రులు ఇంగ్లిష్‌ను కోరుకున్నది మోజుతో కాదు. పై చదువులు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, నిబంధనలు, ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కొత్త భూగర్భ గనులు అరుదై, మనుషుల పని యంత్రాల చేతికి పోతున్న కాలంలో తండ్రి ఉద్యోగం బిడ్డకు వస్తుందన్న భరోసా తగ్గిపోయింది. వాళ్లు తమ పిల్లల్ని మీ పుస్తకం మీద నమ్మకంతో బడికి పంపుతున్నారు. ఇంట్లో ఇంగ్లిష్ వినే పిల్లవాడికి షరతు వాక్యం ఆ వినికిడిలోనే పట్టుబడుతుంది. వినని పిల్లవాడికి ఉన్న దారి మీ పుస్తకం ఒక్కటే. అతనికి ఎదుటి పేజీ లేకుండా చేయడం ఎవరికి మేలు చేసినట్టు?

అడుగుతున్నది పెద్ద సంస్కరణ కాదు. వచ్చే ముద్రణలో షరతు వాక్యాల పాఠానికి ఎదురుగా ఒక్క తెలుగు పేజీ వేయండి. టీచర్ల శిక్షణలో ఆ పేజీకి ఒక పూట కేటాయించండి. పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్నలు తగ్గించి, వాక్యం ఇచ్చి ‘పని జరిగిందా, జరగలేదా, తెలియదా?’ అని అడగండి. అలా అడిగితే బట్టీ పట్టినవాడికీ అర్థమైనవాడికీ తేడా మూల్యాంకనం చేసే టీచర్‌కు వెంటనే తెలిసిపోతుంది. ఆ పేజీ ఎలా ఉండాలో మీకు నాకంటే బాగా తెలుసు. మొదలుపెట్టడానికి మాత్రం మొదట మీ ముందు పెట్టిన రెండు వాక్యాలే చాలు. వాటి పక్కన ‘ఇఫ్ హి వాజ్ దేర్, హి మస్ట్ హావ్ సీన్ ఇట్’ అని ఒకటి, ‘ఇఫ్ హి హ్యాడ్ బీన్ దేర్, హి వుడ్ హావ్ సీన్ ఇట్’ అని ఒకటి రాసి, కింద ఒక్క ప్రశ్న వేయండి: ఈ రెంటిలో ఏ వాక్యంలో ఆయన అక్కడ లేడు?

ఇట్లు,
మందమర్రి పౌరుడు